శుక్రవారం షుగరు

మా అమ్మకి షుగరు శుక్రవారాల్లో మాత్రమే ఉండేది. ఎగతాళికి అంటున్న మాట కాదు. ఏళ్ల తరబడి ఆవిడకి వైద్యం చేసిన ఆసుపత్రి చూసింది అంతే. వారంలో మిగతా రోజులు ఆవిడ ఏం తింటుందో, ఎక్కడ తిరుగుతుందో, అసలు బతికే ఉంటుందో లేదో ఆసుపత్రికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆత్రం కూడా అక్కడ ఎవరిలోనూ నాకు కనబడలేదు.

అరకు చుట్టుపక్కల కొండల్లో పుట్టినవాళ్లకి శుక్రవారం అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. లోయలో సంత. తెల్లారకముందే పసుపు, అల్లం, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని ఊళ్లకి ఊళ్లు కిందికి దిగుతాయి. సర్వీసు జీపులో లోపల ఎందరుంటారో పైన కూడా అందరుంటారు. తెచ్చిన సరుకు అమ్మేశాక ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు కొనుక్కుంటారు. ఆ తర్వాత కడుపుకి పండగ. హోటల్లో తెల్లన్నం, చుట్టాలు ఎదురైతే కాస్త జీలుగు కల్లు, దాని మీద జిలేబీ. మా అమ్మకి జిలేబీ అంటే ప్రాణం. దొన్నె నిండా తిని వేళ్లు నాక్కుంటే గాని సంతకి వచ్చినట్టు ఉండేది కాదు ఆవిడకి.

మిగతా రోజుల్లో చోడి అంబలి, అంటే రాగి అంబలి, సామన్నం, కొండ మీద దొరికిన ఆకో దుంపో. ఆదివారం చర్చి, శుక్రవారం సంత, తక్కిన రోజులన్నీ పోడు పనికే. నాన్న పోయాక కొండవాలు మీదున్న ఆ పోడు చేనంతా ఆవిడొక్కతే చూసుకునేది. మానెయ్యమంటే నన్ను శత్రువుని చూసినట్టు చూసేది.

లోయలో దాతల పేర్లు గోడల నిండా చెక్కించుకున్న ఓ చిన్న ఆసుపత్రి ఉండేది. షుగరు రోగులని చూడడానికి వారానికో రోజు కేటాయించాలనుకుని, వాళ్లు బాగా ఆలోచించి, శుక్రవారం పెట్టారు. జనం ఎలాగూ ఆ రోజే దిగుతారు గదా! ఆ తెలివికి దండం పెట్టాలి. జనం దిగేమాట నిజమే. దిగి, అమ్ముకుని, తిని, తాగి, మధ్యాహ్నం దాటాక వచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చునేవాళ్లు. జిలేబీ పాకం ఇంకా ఆరని వేలిని దూదితో తుడిచి సూదితో పొడిచేవారు. వచ్చిన అంకె చూసి డాక్టరుగారు కనుబొమ్మలు ముడిచేవారు. ఆ వేలు గంట క్రితం ఎక్కడుందో ఎవరూ అడిగేవారు కారు.

నేను అప్పటికి లోయలోనే ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేస్తున్నాను. తొంభైల చివరి మాట ఇది. అమ్మ కాలి మీద దెబ్బ ఎంతకీ మానకపోతే నేనే అక్కడికి తీసుకెళ్లాను. డాక్టరు కొండ కింద మైదానం నుంచి వచ్చిన యువకుడు. చెడ్డమనిషి కాదు. నాకు మంట అక్కడే. చెడ్డవాడైతే ఓ తిట్టు తిట్టుకుని ఇంకో ఆసుపత్రి వెతుక్కునేదాన్ని. ఈయన పట్నంలో ప్రాక్టీసు వదులుకుని మా కోసం కొండెక్కాడు. ఆ సంగతి మేం మర్చిపోకుండా మాటిమాటికీ గుర్తుచేసేవాడు.

"ఏం తింటావమ్మా?" అని అడిగాడు. అమ్మకి కొడుకు వయసు ఉంటుంది ఆయనకి. అయినా నువ్వే.

"అంబలి, బాబూ. ఒక్కో దినం సామల కూడు," అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. "చూశారా టీచరుగారూ, అందరిదీ ఇదే పాట. అంబలి తాగేవాళ్లకి ఇంత షుగరు ఎక్కణ్ణుంచి వస్తుందండీ? మీ అమ్మగారికి చెప్పండి, నా దగ్గర దాస్తే నష్టం ఆవిడకే అని."

అమ్మ చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఆయన ఎదురుగానే కూర్చుని ఉంది. ఆవిడకి తెలుగు వచ్చు, ఒరియా వచ్చు, మా ఇంటి భాష సరేసరి. సంతలో షావుకార్లతో మూడు భాషల్లోనూ తగువాడే మనిషి. ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయండీ అన్నాను నేను. ఆయన అది హాస్యం అనుకుని ఇంకాస్త నవ్వాడు.

అమ్మ ఏమీ దాచలేదు. ఏం తింటావని అడిగితే రోజూ తినేది చెప్పింది. సంతలో తిన్నది ఆవిడ దృష్టిలో తిండి కాదు, సరదా. పెళ్లిలో తిన్న లడ్డూని ఎవరైనా రోజువారీ భోజనంలో కలిపి చెబుతారా? ఆయన మాత్రం ఆవిడ నోటిని నమ్మలేదు, వేలిని నమ్మాడు. ఆ వేలికి తెలిసింది శుక్రవారం ఒక్కటే.

అచ్చువేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపారు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, రాత్రి చపాతీలు, వెన్న తీసిన పాలు, ఓ యాపిల్ ముక్క. ఇవికాక ప్రతి ఉదయం అరగంట నడక. ఇంటికెళ్లి చదివి వినిపించాను. నడక దగ్గరికి వచ్చేసరికి అమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. పాల దగ్గర మాత్రం కోపం వచ్చింది. మా ఊళ్లో ఆవు పాలు దూడవి. పితుక్కుని తాగడం మా పెద్దవాళ్లు ఎరగరు. "దూడ నోటికాడది లాక్కుని తాగమంటాడేటి?" అని మూతి తిప్పింది. యాపిల్ పండుని ఆవిడ అప్పటికి చూసింది క్యాలెండరు మీదే. ఆ కాగితాన్ని గోడ సందులో దోపి, బొమ్మలేమైనా ఉంటే బాగుండేదంది.

కాగితం సంగతి పోనీ, దాంతో ఎవరూ చావరు. మాత్ర సంగతి అలా కాదు. పొద్దున లేవగానే, తిండికి ముందు వేసుకోమన్నాడు. ఆయన ఎరిగిన లోకంలో లేచిన మనిషి కాసేపట్లో టిఫిను తింటుంది. మా కొండ మీద లేచిన మనిషి పోడుకి పోతుంది. అంబలి ఆనపకాయ బుర్రలో పోసుకుని వెంట తీసుకెళ్లి, ఎండ ముదిరేలోపు చేసుకోవాల్సిన పని చేసుకుని, అప్పుడు నీడన కూర్చుని తాగుతుంది. అంతవరకూ చేతిలో కలుపు తీసే బొరిగె, ఖాళీ కడుపు, ఆ కడుపులో మాత్ర. ప్రతి శుక్రవారం అంకె దిగలేదని ఆయన మాత్ర పెంచేవాడు. పెంచినప్పుడల్లా అమ్మకి పొద్దుటిపూట వణుకు ఎక్కువయ్యేది.

చోళ్లు కోసే కాలంలో ఓ పొద్దున పడిపోయింది. పక్క పోడులో ఉన్న పిన్ని వెళ్లి చూసేసరికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, పలకరిస్తే పొంతన లేని మాటలు. పడిన చోటుకి కాస్త కిందనే కొండవాలు తెగిపోయి ఉంటుంది. దాని అడుగున రాళ్లు, వాటి మధ్య పారే గెడ్డ. పిన్ని చేతిలో అప్పుడే దించిన తియ్యటి జీలుగు కల్లు ఉంది. అదే కొంచెం కొంచెంగా తాగించింది. కాసేపటికి అమ్మ లేచి కూర్చుని, నా కొడవలి ఏదని అడిగిందట. ఇదంతా పిన్ని నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఇంకో రెండు పల్టీలు కొట్టి ఉంటే మా అమ్మని గెడ్డలోంచి తీసుకురావాల్సి వచ్చేది.

ఆ శుక్రవారం బడికి సెలవు పెట్టి నేనూ ఆసుపత్రికి వెళ్లాను. అమ్మ తనే చెప్పుకుంది. "మాతర ఏసుకుంటే ఒణుకొత్తంది బాబూ. కళ్లు తిరిగి పడిపోతన్నాను. నాకొద్దు."

వేలు పొడిచారు. అంకె ఎప్పట్లాగే పైనే ఉంది. ఆయన దాన్ని నాకు చూపించాడు, అమ్మకి కాదు. "ఇంత షుగరు ఉంటే కళ్లు తిరగవాండీ? మీ అమ్మగారికి చెప్పండి. మాత్ర వల్ల కాదు, మాత్ర చాలక."

"పొద్దున ఏమీ తినకుండా పనికెళ్తుందండీ. అందువల్లేమో," అన్నాను.

"తినమనండి," అన్నాడు. ఇంకో సగం మాత్ర పెంచి, తర్వాతి మనిషిని పిలిచాడు.

తినమనండి! ఏం తినాలి, ఎవరు వండాలి, వండుతూ కూర్చుంటే చల్లటిపూట పని ఎవరు చెయ్యాలి, మాత్రనే మధ్యాహ్నం అంబలి దగ్గరికి జరిపితే ఏమవుతుంది? వీటిలో ఒక్కటి కూడా ఆయన నోటివెంట రాలేదు. ఆయన వెయ్యి పుస్తకాలు చదివి ఉండొచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినడం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు కాబోలు. నాకు ఒళ్లు మండిపోయింది.

తిరుగు జీపులో అమ్మ నా పక్కనే కూర్చుంది. మలుపు దాటాక ఉన్నట్టుండి అంది. "ఆడికి నా సుగరు కనబడేది సుక్కురారమే కదా. ఆ దినమే ఏసుకుంటాను మాతర. మిగతా దినాలు ఆడు సూడొత్తాడేటి?"

"అలా చెయ్యకూడదమ్మా. కాలు పాడైపోతుంది."

"ఏటే గుంటా, నాను పోడులో పడి సత్తే బాగుంటాదా నీకు?"

ఆవిడ చేసింది తెలివైన పని అని నేననను. వట్టి మొండితనం. సంత రోజున అన్నంతో పాటు ఆ రోజు మాత్రలు మింగేది, తక్కిన రోజులు మాత్ర మొహం చూసేది కాదు. పడిపోవడం ఆగింది. కానీ కాళ్లలో స్పర్శ తగ్గుతూ వచ్చింది. చెప్పు ఊడిపోయినా తెలియక నడిచేది. ముల్లు దిగి ఉంటే నేను వెళ్లినప్పుడు చూసి తీసేదాన్ని. మాత్ర వేసుకుంటే గెడ్డ, మానేస్తే కాలు. ఈ రెంటిలో ఏదో ఒకటి మా అమ్మని తీసుకుపోతుందని నాకు తెలుసు. మూడో దారి ఒకటి ఉండి తీరాలనీ తెలుసు. దాన్ని చెప్పగలిగిన ఒకే ఒక మనిషి, ఆ డాక్టరు, ఆవిడతో మాట్లాడడు, నాతో మాట్లాడతాడు.

శుక్రవారాలు మాత్రం అద్భుతంగా ఉండేవి. అమ్మ జిలేబీ కూడా పరీక్ష అయ్యేదాకా వాయిదా వేసేది. పొట్లం కొంగున కట్టుకుని వరండాలో బుద్ధిగా కూర్చునేది. అంకె దిగింది. డాక్టరుగారి ఆనందానికి అంతు లేదు. "క్రమశిక్షణ అంటే ఇదండీ టీచరుగారూ! కాస్త గట్టిగా చెబితే మీవాళ్లు వింటారు." అమ్మ తల వంచుకుని "మీ దయ, బాబూ" అనేది. గేటు దాటగానే పొట్లం విప్పేది. అలా ఏళ్లు గడిచిపోయాయి.

రెండువేలు దాటాక ఆసుపత్రికి కొత్త గాలి సోకింది. రోగులు ఇకమీదట చెప్పింది వినే మనుషులు కారట, భాగస్వాములట. తమ వైద్యం గురించి తామే నిర్ణయించుకుంటారట. ఈ సంగతి రోగులతో తప్ప అందరితోనూ చర్చించారు. పట్నం నుంచి ఓ మేడమ్ వచ్చి సభ ఏర్పాటు చేసింది. శుక్రవారమే, వేరే చెప్పాలా? వరండాకి అడ్డంగా బ్యానరు కట్టారు. 'మీ షుగరు, మీ నిర్ణయం.' అక్కడ కూర్చున్నవాళ్లలో దాన్ని చదవగలిగింది నేనూ, కట్టినవాళ్లూ.

ఆ సభలో మాట్లాడడానికి ఆదర్శ రోగి కావాలి. డాక్టరుగారు మా అమ్మని ఎంచారు. చెప్పాల్సిన ముక్కలు నాకిచ్చి నేర్పించమన్నారు. 'నా ఆరోగ్యం గురించి నిర్ణయం నాదే. డాక్టరుగారు చెప్పినట్టే చేస్తాను.' ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన ఎలా ఇమిడాయో రాసినవాళ్లకే తెలియాలి. అమ్మ రెండుసార్లు వల్లించి, సరేలే, నోరు తిరిగిందంది.

సభలో ముందుగా గోడకి ఓ పెద్ద చార్టు అంటించారు. 'నేను రోజూ మాత్ర వేసుకుంటాను', 'నేను చపాతీ తింటాను', 'నేను నడుస్తాను'. రోగులు స్వేచ్ఛగా ఎంచుకోవాలట. ఆసుపత్రివాళ్లు చెప్పిన వాటిలో ఏది ముందు వినాలో ఎంచుకునే స్వేచ్ఛ అన్నమాట. చేతికి గుండ్రటి ఎర్ర స్టిక్కర్లిచ్చి, నచ్చినదాని పక్కన అంటించమన్నారు. ఏదీ నచ్చలేదో ఏమో, అక్కడే మాత్రలు తీసుకునే మా పిన్ని తనది నుదుట అంటించుకుంది. ఆవిడని చూసి ఇంకో నలుగురైదుగురు అంటించుకున్నారు. మేడమ్ దాన్ని ఏ నిర్ణయం కింద జమకట్టిందో నాకు తెలియదు. తర్వాత పులిహోర, లడ్డూ పెట్టారు. షుగరు రోగుల సభలో లడ్డూ పంచిన ఘనత మా లోయకే దక్కింది.

ఆ పైన అమ్మకి మైకు ఇచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. దాతల తరఫున వచ్చిన పెద్దాయన ముందు వరసలో, డాక్టరుగారు ఆయన పక్కన నవ్వు మొహంతో.

"మీరు సెప్పమన్నది మర్చిపోనాను బాబూ," అంది అమ్మ. జనం నవ్వారు. "నాకు తెలిసింది సెప్తాను. ఈ మాతర నాను సుక్కురారమే ఏసుకుంటాను. మిగతా దినాలు ఏసుకోను. ఏసుకుంటే పోడులో పడిపోతాను. మొదటే సెప్పాను, ఇనలేదు. సుక్కురారం ఏసుకుంటే బాగుందన్నారు, ఊరుకున్నాను. మీకు కనబడేది సంతలో ముసల్ది. ఒక సోమారం నా పోడుకాడికి రండి. అక్కడి ముసల్దానికి సుగరెంతుందో సూడండి."

వెనకనుంచి ఓ ముసలాయన "నానూ అంతే" అన్నాడు. "నానూ," అంది ఎర్ర బొట్టు పెట్టుకున్న మా పిన్ని. అలా ఒక్కొక్క గొంతే లేచింది. అందరూ సంత రోజున మాత్ర మింగి, పరీక్ష చేయించుకుని, ఇంటికిపోయేవాళ్లే. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇన్నేళ్లూ ఆ ఆసుపత్రి దిగింది దిగిందని మురిసిపోయిన అంకెలన్నీ ఆ ఒక్కరోజు సంపాదనే. డాక్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇదే! భాగస్వామ్యం అంటే ఇదే!" అని చప్పట్లు కొట్టింది. పెద్దాయన డాక్టరు చెవిలో, సోమవారం వెళ్లిరండి, ఫొటోలు మర్చిపోవద్దు అన్నాడు. ఫొటో లేకపోతే పోడుకి ఎవరు వస్తారు?

సభ అయ్యాక డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. "మీ అమ్మగారు నా పరువు తీశారండీ."

"ఆవిడ బయటే ఉంది, లడ్డూ తింటోంది. ఆవిడతోనే చెప్పండి," అన్నాను. ఆయన వెళ్లలేదు.

సోమవారం వచ్చాడు. జీపు ఆగిపోయిన చోటునుంచి పోడు దాకా ఎక్కాలి. రోజూ అరగంట నడవమని రాసిచ్చిన మనిషి ప్రతి మలుపులోనూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వెనక ఫొటోగ్రాఫరు రొప్పుతూ వస్తున్నాడు. నేను దారి చూపించడానికి ముందు నడుస్తూ, అబద్ధం ఎందుకు, ఆ ఆయాసం వింటూ సంతోషించాను.

అమ్మ పొద్దుటినుంచి పసుపు చాళ్లలో పనిలో ఉంది. అంబలి బుర్ర ఇంకా కొమ్మకే వేలాడుతోంది. మట్టి కడుక్కుని వేలు ఇచ్చింది. ఆయన అంకె చూశాడు. నమ్మకం కలగక ఇంకో వేలు పొడిచి మళ్లీ చూశాడు. తిండి ఇంకా తినలేదు, మాత్ర కూడా వేసుకోలేదు. అయినా మొదట్లో శుక్రవారాల్లో చూసి ఆయన మాత్రలు పెంచుకుంటూ పోయిన అంకెలో సగానికి కాస్త పైన ఉంది, అంతే. జబ్బు ఉందనడానికి అది చాలు. ఆ మాత్రలన్నీ ఖాళీ కడుపున మింగించడానికి మాత్రం చాలదు. ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. డాక్టరు నవ్వలేదు. అమ్మ పాదాలకి కాస్త కిందనే కొండవాలు తెగిపోయిన చోటుని, అడుగున గెడ్డలో రాళ్లని చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత అలవాటు కొద్దీ నా వైపు తిరిగాడు. "టీచరుగారూ, మీ అమ్మగారు పొద్దున..." అని మొదలుపెట్టాడు. నేను వినబడనట్టు చాళ్లలోకి దిగి కలుపు పీకడం మొదలుపెట్టాను. ఆయన ఫొటోగ్రాఫరు వైపు చూశాడు, అతను దూరంగా కెమెరా సర్దుకుంటున్నాడు. మాట్లాడడానికి అక్కడ అమ్మ తప్ప ఇంకెవరూ లేరు.

"పొద్దున నువ్వు తినేది ఎప్పుడమ్మా?" అని అడిగాడు. నువ్వు అనే అడిగాడు, అయినా అడిగాడు.

అమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. నా వైపు చూసింది.

"ఏటే, నన్నేనా అడగతన్నాడు?"

"నిన్నేనమ్మా," అన్నాను. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే. ఆ మొదటి రోజు తర్వాత ఇన్నేళ్లకి మళ్లీ ఆవిడనే అడిగితే, ఆ ప్రశ్న తనదేనా అని ఆవిడ సరిచూసుకోవాల్సి వచ్చింది.

అమ్మ బొరిగె పక్కన పెట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది. కొమ్మ మీంచి బుర్ర దించి, ఆకుడొప్పలో అంబలి పోసి ఆయన చేతికిచ్చింది.

"కూకో బాబూ," అంది. "ఇది నిలబడి బేగి సెప్పేది కాదు."